చెరపకుండా వదిలిన ఇంటిపేరు

సర్వే పనిలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. శాంపిల్ అంటే ఏమిటో, పరికల్పన అంటే ఏమిటో నాకంటే గడగడా చెబుతారు. అన్నీ చెప్పి, లేచి వెళ్లబోతూ గడప దగ్గర ఆగి ఒకటే అడుగుతారు: "మేడమ్, జనం నిజం చెబుతారా?"

చెబుతారమ్మా. అదే ఈ పనిలో అసలు ఇబ్బంది. అబద్ధం చెబితే మనకు పోయేది ఒక ఫారం. నిజం చెబితే దాన్ని ఎక్కడ దాచాలో తెలియాలి, అది పుస్తకాల్లో రెండు పేజీలకు మించి ఉండదు. ఆ రెండు పేజీలు నేనూ చదివాను, పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకున్నాను. అయినా తప్పు చేశాను. దాని గురించి రాయడానికే ఇంతకాలానికి కాగితం ముందు కూర్చున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఎవరికీ అక్కర్లేదు, నాకూ గుర్తు లేదు.

మాది తమిళనాడులో మదురై పక్క వాడిపట్టి దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు మా నాయన పలక మీద దిద్దించినవి. మా ఊళ్లో అందరూ తెలుగే మాట్లాడేవాళ్లు కాని, రాయడం వచ్చినవాళ్లు మా నాయన, ఇంకో ముసలాయన, అంతే. ఇప్పుడు నేను రాసేది చూసి ఆంధ్రావాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి. నేర్చుకున్నది ఇదే.

కోయంబత్తూరులో ఒక కాలేజీ వాళ్లు మిల్లు కార్మికుల ఇళ్లలో తిరిగి వివరాలు సేకరించే మనిషి కావాలన్నారు. మిల్లు వాళ్లు పనివాళ్లకు వరసగా కట్టించిన లైన్ ఇళ్లలో సగం మంది తెలుగు మాట్లాడేవాళ్లు కాబట్టి తెలుగు వచ్చిన ఆడపిల్ల అయితే మంచిదన్నారు. అట్లా నాకు ఉద్యోగం వచ్చింది. ఉండేది ఆడవాళ్ల హాస్టల్లో. నా గదిలో ఇంకో మంచం ఉండేది కాని దానిమీద ఎవరూ చేరలేదు. పొద్దున లేచి, మిల్లు సంగు, అదే సైరను, ఊదకముందే బయలుదేరి, పది ఇళ్లలో పది సంసారాల కష్టసుఖాలు విని, చీకటి పడేలోగా ఆ గదికి తిరిగొచ్చేదాన్ని. ఇంతమందితో మాట్లాడే ఉద్యోగంలో ఇంత ఒంటరితనం ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. మీకు నేను చెబుతున్నాను.

తాళం వేసిన ఇళ్లు

మా ప్రొఫెసర్ తమిళుడు. పొట్టిగా, ముక్కుమీద కళ్లద్దాలు జారుతూ, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నవాడిలా బల్లమీద వెతుకుతూ ఉండేవాడు. మాతో ఇంగ్లీషులో మొదలుపెట్టి కోపమొస్తే తమిళంలోకి దిగేవాడు. కోపం రావడం అరుదు. వచ్చిందంటే మనం ఏదో నేర్చుకోబోతున్నామని అర్థం.

మొదటి వారం నాకు లైన్ ఇళ్ల జాబితా ఇచ్చి, ప్రతి పదో ఇంటికి వెళ్లమన్నాడు. నేను వెళ్లాను. కొన్నిటికి తాళాలు. తాళం ఉంటే పక్కింట్లో అడిగి రాసుకొచ్చాను. వారం చివర ఫారాలన్నీ చక్కగా కుట్టి ఇచ్చాను, మెచ్చుకుంటాడేమోనని కూడా చూశాను. ఆయన రెండు కాగితాలు తిప్పి, తల ఎత్తి, "తాళం వేసిన ఇంట్లో ఎవరుంటారు?" అని అడిగాడు.

"ఎవరూ ఉండరు సార్, అందుకే తాళం."

"ఎవరూ ఎందుకుండరు?"

నేను జాబితా తిరగేశాను. అప్పుడు తమిళంలోకి దిగాడు. "మొగుడూ పెళ్లామూ ఇద్దరూ షిఫ్టుకు పోయిన ఇల్లు అది. పిల్లల్ని ఎక్కడో వదిలి పోయిన ఇల్లు. మిల్లు గురించి అసలు తెలిసింది వాళ్లకే. నువ్వు తలుపు తీసి ఉన్నవాళ్లనే అడిగి మిల్లు గురించి రాసుకొచ్చావు."

ఆ తాళాల చుట్టూ మళ్లీ పదిహేను రోజులు తిరిగాను. ఏ షిఫ్టు ఎప్పుడు వదులుతారో సంగు కూతను బట్టి కంఠతా వచ్చేసింది. పిల్లలూ, శాంపిల్ గురించి నాకు తెలిసిందంతా ఆ పదిహేను రోజుల్లో తెలిసిందే. తరువాత చదివినవి దానికి పేర్లు మాత్రమే.

ప్రశ్న అడగడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. "మిల్లులో కష్టంగా ఉందా?" అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు, పావం ఇంత దూరం వచ్చిందే అని మన మొహం చూసి. "నిన్న పొద్దున లేచినకాడినుంచి ఏమేం చేశారు?" అని అడగమన్నాడు. అడిగాను. ఒకామె బాయి దగ్గర నీళ్ల వరసలో నిలబడ్డ దగ్గర మొదలుపెట్టి గంటసేపు చెప్పింది. అందులో కష్టం అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. రాసుకుంటూ ఉంటే నాకే చెయ్యి నొప్పి పుట్టింది.

మదురైలో ఇంకో సంగతి తెలిసింది. అదే కాలేజీ పంపితే అక్కడ బట్టల అంగడి నడిపే తెలుగు కుటుంబాల ఇళ్లకు నెల రోజులు వెళ్లాను. ఇంటావిడను అడిగిన ప్రశ్నకు భర్త జవాబు చెప్పడం, ఆవిడ తలూపడం. ఒక ఇంట్లో విసుగొచ్చి, "అణ్ణా, నాకు దాహంగా ఉండాది, అంగట్లోనుంచి సోడా తెప్పిస్తారా?" అని ఆయన్ని పంపించాను. ఆయన వచ్చేలోగా ఆవిడ ఫారం మొత్తం మార్చి చెప్పింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. కాని ఆయన తిరిగొచ్చాక ఆవిడ చేతులు కొంగులో దాచుకుని కూర్చున్న తీరు చూసి మురిపెం తగ్గింది. సోడా తాగి లేచి వచ్చేశాను.

కాఫీ హోటల్లో పుట్టిన సంసారాలు

నాతోపాటు చేరినవాడు ఒకాయన ఉండేవాడు. మంచి మాటకారి, ఇస్త్రీ చొక్కా నలగకుండా సాయంత్రం దాకా ఉండేవాడు. ఎర్రటి ఎండలో తిరిగొచ్చిన మనిషి చొక్కా నలగకపోవడం ఏమిటని నాకు అప్పుడే తోచాల్సింది. తోచలేదు. నా ఫారాలు రోజుకు పది, ఆయనవి ఇరవై.

ఒకరోజు ప్రొఫెసర్ మా ఇద్దరి కట్టలూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. చొక్కా నలగని ఆయన కట్టలో ఏ ఇంట్లోనూ ఎవరూ కసురుకోలేదు. ఎవరూ ప్రశ్న మధ్యలో లేచి పొయ్యి దగ్గరికి పోలేదు. ఒక్క ముసలామె కూడా "నీకు పెళ్లయిందా?" అని ఎదురు అడగలేదు. అన్ని ఇళ్లలోనూ అదే రోజు అదే కూర. ఆ సంసారాలన్నీ స్టేషన్ దగ్గర కాఫీ హోటల్లో ఫ్యాను కింద పుట్టినవని తేలింది. ప్రొఫెసర్ అరవలేదు. ఆ సాయంత్రమే ఆయన్ని పంపించేశాడు. తరువాత ఊళ్లో ఏ కాలేజీ వాళ్లూ ఆయనకు పని ఇవ్వలేదని విన్నాను.

నేను ఆయన మీద జాలిపడలేదు. లేని మనుషుల్ని పుట్టించడం కంటే ఈ పనిలో పెద్ద తప్పు లేదనుకున్నాను. నేను ఎప్పుడూ ఉన్నది ఉన్నట్టు రాసేదాన్ని, ఆ గర్వం నాకు బాగానే ఉండేది. ఉన్నది ఉన్నట్టు రాయడం వల్ల కూడా మనిషి నాశనమవుతాడని అప్పటికి నాకు తెలియదు.

మీరు ఏ ఇంటోళ్లు?

మా తెలుగువాళ్లలో ఒక పద్ధతి ఉంది. కొత్త మనిషి గడప తొక్కితే ఊరు అడగరు, చదువు అడగరు. "మీరు ఏ ఇంటోళ్లు?" అంటారు. ఇంటిపేరు చెబితే చాలు, మనకూ వాళ్లకూ ఇచ్చిపుచ్చుకునే వరస ఉందా, అన్నదమ్ముల వరస ఉందా అన్నది క్షణంలో తేలుతుంది. తేలగానే మనం అక్కో, వదినో, చిన్నమ్మో అయిపోతాం. ఆ తరువాత 'మీరు' అన్న పిలుపు ఉండదు. ఈ ఇంటిపేర్లు రేషన్ కార్డులో ఉండవు, మిల్లు రిజిస్టర్లో ఉండవు. తమిళ బళ్లో తండ్రి పేరులోని మొదటి అక్షరం వేస్తారు, అంతటితో సరి. ఇంటిపేరు నోటిలోనే బతుకుతుంది, పెళ్లి మాటలప్పుడు బయటికి వస్తుంది.

ఫారంలో ఇంటిపేరుకు గడి లేదు. అయినా నేను ప్రతి ఫారం తలకట్టున పెన్సిలుతో రాసుకునేదాన్ని. మొదట్లో గుర్తుకోసం. తరువాత ఇష్టంకొద్దీ. కొన్ని మా ఊరివి, కొన్ని మా అమ్మమ్మ నోట విన్నవి. ఆదివారం గదిలో కూర్చుని వాటిని పైకి చదువుకునేదాన్ని. ఆ ఊళ్లో నావాళ్లంటూ నాకు ఉన్నవి ఆ మాటలే.

రంగమ్మ ఇంటికి అట్లాగే వెళ్లాను. రంగమ్మ ఆమె అసలు పేరు కాదు. నాకంటే పదేళ్లు పెద్దది. మిల్లులో వేస్టు పత్తి ఏరే విభాగంలో పని. ఆమె భర్త అదే మిల్లులో పనిచేసి, ఛాతీ చెడి, బయటికి వచ్చేసి ఇంట్లో కూర్చున్నాడు. ఇద్దరు పిల్లలు, పెళ్లికాని ఆడబిడ్డ. లైన్ ఇల్లు రంగమ్మ టోకెన్ మీద, అంటే మిల్లువాళ్లు ఆమెకిచ్చిన నంబరు బిళ్ల మీద, ఇచ్చినది. ఆమె పని పోతే ఇల్లు కూడా పోతుంది.

నా ఇంటిపేరు విని ఆమె చేట పక్కన పెట్టింది. "అయ్యో, మా చిన్నత్తను మీ ఇంటికే గదా ఇచ్చినారు! అట్లయితే నువ్వు నాకు వదినెవి. ఆ కాయితం మడిచిపెట్టు, ముందు కూడు తిను."

"తినొచ్చినాను వదినె."

"హాస్టల్ కూడు తిన్నావా? అదొక కూడా? కూచో."

సంగటి, చింతపులుసు పెట్టింది. ఆ ఊరొచ్చాక నేను కడుపునిండా తిన్నది ఆ రోజే. ఫారం పదిహేను నిమిషాల్లో అయిపోయింది. తరువాత కూడా నేను వెళుతూనే ఉన్నాను. పని ఉందని నాకు నేను చెప్పుకునేదాన్ని. పని ఏమీ లేదు, రంగమ్మ ఉంది.

ఒక సోమవారం వెళితే ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఊపిరి కోసం తన్నుకుంటోంది. ఆదివారం సెలవు తరువాత మళ్లీ పత్తి దుమ్ములోకి పోతే కొందరికి అట్లా ఎదపట్టు వస్తుందని నాకు పుస్తకంలో తెలుసు. భర్తకు శొంఠి వేసిన చుక్కు కాఫీ ఇచ్చివచ్చి ఆడబిడ్డ ఆమె వీపు రుద్దుతోంది. ఊపిరి అందాక నేనే అడిగాను, "మిల్లుకు వ్యాన్ వచ్చి అందరికీ ఎక్స్‌రే తీసినారు గదా వదినె, దాంట్లో తెలియలేదా?"

రంగమ్మ ఆడబిడ్డ వైపు చూసి నవ్వింది. "తీసినారు. నా టోకెన్ పట్టుకుని ఇది పోయింది. ఆ వ్యాన్‌లో వాళ్లకు మా మొగం ఏం తెలుసు, నంబరే దాన్ తెలుసు. దీని ఎద గుండ్రాయిలాగ ఉండాది. నాకు మంచి సర్టిఫికేట్ వచ్చింది." తరువాత నవ్వు ఆపి, "నువ్వు నా మనిషివని చెప్తాండా. తెలిసిందంటే ఆ దినమే గేటు బయట పెట్టేస్తారు. ఈ ఇల్లూ పోతుంది, ఈయన్ని తీసుకుని నేను యాడికి పోవాల?" అంది.

"నేను ఎవరికి చెప్తాను వదినె?" అన్నాను.

ఆ సాయంత్రం గదికి వచ్చి ఆమె మాటలు పొల్లుపోకుండా రాశాను. తలకట్టున ఇంటిపేరు పెట్టాను. ఆమె చెప్పింది వదినెకు. రాసుకున్నది సర్వే మనిషి. ఆ వదినే, ఆ సర్వే మనిషీ ఒకే చాపమీద కూర్చున్నారని ఆమెకు తెలియదు. నాకు తెలుసు, ఆమెకు చెప్పలేదు. అనుమతి అంటే మీరు చదివేది ఇదే పిల్లలూ. మొదటిరోజు ఒకసారి సరే అనిపించుకుని, తరువాత ఆరు నెలలు ఇంటిమనిషిలా తిరిగి, విన్నదంతా రాసుకోవడం కాదు.

పేర్లు తీసేసిన రోజు

నివేదిక రాసేటప్పుడు ప్రొఫెసర్ పేర్లు ఉన్న పై కాగితాలన్నీ చింపించి, తన కళ్లముందే కాల్పించాడు. ఇంటి నంబర్లు తీసేయించాడు. అంత జాగ్రత్త మనిషి. ఆయనకు జనం మాటలు జనం మాటల్లాగే రావాలని పట్టు. రంగమ్మ ఎక్స్‌రే మాటలు రెండుసార్లు చదివాడు. దుమ్ము వల్ల వచ్చే జబ్బు మిల్లు లెక్కల్లో ఎందుకు కనబడదో చెప్పడానికి ఇంతకంటే రుజువు ఉండదన్నాడు. ఇది అచ్చు కావాలి, ఇది వేలమందికి పనికొస్తుంది అన్నాడు. నేనూ నమ్మాను. ఇప్పటికీ అది అబద్ధమని అనను.

అప్పుడు ఆయన పెన్సిలు రాత మీద వేలు పెట్టాడు. "ఇదేమిటి?"

"ఇంటిపేరు సార్. మాలో ఉంటుంది. మనిషి పేరు కాదు."

"దీన్నిబట్టి ఎవరైనా ఆమెను గుర్తుపట్టగలరా?"

నేను ఏమని చెప్పి ఉండాలి? ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలు. వేస్టు పత్తి విభాగం అని పక్కనే ఉంది. ఆ విభాగంలో ఆ ఇంటివాళ్లు ఎంతమంది ఉంటారని ఒక్కసారి అనుకుంటే చాలు. నేను అన్నది ఇది: "ఏ కాగితంలోనూ ఉండదు సార్. ఎవరికీ తెలియదు." ఎవరికీ అన్నప్పుడు నా మనసులో ఉన్నది ఆ కాలేజీ, ఆ హాస్టలు, నాతో తెలుగు మాట్లాడని ఆ ఊరంతా. అక్కడ ఎవరికీ తెలియదన్నది నిజమే.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. నాకు ఆ పేర్లు ఉండాలని ఉండింది. వందల ఏళ్లుగా ఏ రిజిస్టరూ పట్టించుకోని మాటలు ఒక్కసారైనా అచ్చులో కనబడాలని ఆశ. ప్రతి మాట కింద చిన్న అక్షరాల్లో ఇంటిపేరు, విభాగం. నివేదిక అచ్చయి వచ్చినప్పుడు నేను ముందు చూసుకున్నది అవే. అప్పుడు మా నాయన బతికి ఉంటే బాగుండేదనుకున్నాను.

తెలుగు మాట్లాడిన ఆఫీసరు

నివేదిక ప్రతులు మిల్లులకూ వెళ్లాయి. నెల తిరగకుండానే రంగమ్మ మిల్లు లేబర్ ఆఫీసరు మా ఆఫీసుకు వచ్చాడు. ప్రొఫెసర్ క్లాసులో ఉన్నాడు. తెల్లచొక్కా, చేతిలో మా నివేదిక, నెమ్మదైన మనిషి. నా పేరు అడిగి, వెంటనే తెలుగులోకి మారాడు.

"మీరు మదురై పక్కోళ్లా అమ్మా? మాట వింటే తెలుస్తాది."

నాకు ఎంత సంతోషమయిందో చెబితే మీరు నవ్వుతారు. ఆ గదిలో, ఆ బల్లల మధ్య, అంతవరకూ ఎవరూ నాతో తెలుగులో మాట్లాడలేదు. కుర్చీ వేశాను, కాఫీ తెప్పించాను. వాళ్లది ఊరి బయట తోటలున్న పెద్ద కుటుంబమట. ఏ ఇంటోళ్లని అడిగాడు, చెప్పాను. వాళ్లదీ చెప్పాడు. వరసలు లెక్కేసుకున్నాం. నివేదిక తెరిచి ఇంటిపేర్లు ఒక్కొక్కటే చదివాడు. "వీళ్లు మా అవ్వ పుట్టింటి పక్కోళ్లు. వీళ్లు మా తోటలో ఉండినారు. పరవాల్లేదే, అన్నీ బాగా పట్టినావమ్మా." నేను పొంగిపోతూ తలూపుతున్నాను.

రంగమ్మ మాటలున్న పేజీ దగ్గర ఆగాడు. "ఈ ఇంటోళ్లు... వేస్టు పత్తిలో ఒకటే సంసారం గదా ఉండేది," అన్నాడు. నన్ను అడిగినట్టు లేదు. తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. నా తల అప్పటికే ఊగిపోయింది.

ఆయన కాఫీ మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి, నమస్కారం చేసి వెళ్లాడు. చెడ్డమనిషి అని నేను చెప్పలేను. ఆయన ఉద్యోగం ఆయన చేశాడు.

రెండు రోజులు

మరుసటి రోజు మిల్లునుంచి మాకూ, రంగమ్మకూ కబురు వచ్చింది. ఆ కబురుకు మూడో రోజు పొద్దున రంగమ్మకు మళ్లీ ఎక్స్‌రే, ఈసారి మొహం గుర్తుపట్టే మేస్త్రీ పక్కన ఉండగా. ప్రొఫెసర్ మిల్లుకు వెళ్లి బతిమాలాడు. నమ్మి చెప్పిన మాట మీద చర్య తీసుకోకూడదన్నాడు. నివేదిక మీది, కార్మికురాలు మాది అని వాళ్లు జవాబిచ్చారు.

తిరిగొచ్చి నన్ను పిలిచాడు. కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "ఒక దారి ఉంది. ఆ మాటలు ఆమె చెప్పలేదు, నువ్వే కల్పించి రాశావని కాగితం ఇస్తే ఎక్స్‌రే తీయించడానికి వాళ్లకు కారణం ఉండదు. కాని అప్పుడు నివేదిక చస్తుంది. నీకు ఈ పని ఇంకెక్కడా దొరకదు. నేను నిన్ను చెయ్యమని చెప్పను. వద్దనీ చెప్పను."

చొక్కా నలగని మనిషి గుర్తొచ్చాడు. అతను లేని మనుషుల్ని ఉన్నట్టు రాశాడు. నేను ఉన్న మనిషిని లేదని రాయాలి.

హాస్టల్ గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను. ఒకసారి నిజం గొప్పదనుకున్నాను. ఒకసారి ఆ నివేదిక వల్ల బాగుపడే వేలమంది అనుకున్నాను. అవన్నీ పక్కకు పెడితే మిగిలింది భయం. ఈ ఉద్యోగం పోతే ఎక్కడికి పోతాను, మా నాయన లేని ఊరికి ఏ మొహంతో పోతాను. తిండికి కూడా కిందికి దిగలేదు. రెండు రోజులు గడిచాయి. మూడో రోజు తెల్లవారాక కాగితం తీసుకుని రాశాను. ఆమె ఏమీ చెప్పలేదు, అంతా నేనే కల్పించాను అని రాసి, సంతకం పెట్టి, మిల్లుకు బస్సెక్కాను.

గేటు దగ్గర దిగేసరికి సంగు ఊదింది. లోపలికి పోయే జనానికి ఎదురుగా రంగమ్మ ఒక్కతే బయటికి వస్తోంది. చేతిలో టిఫిన్ క్యారియర్, అది ఇంకా తెరవలేదు. ముందురోజు సాయంత్రమే ఎక్స్‌రే తీసి, ఆ పొద్దున గేటులోనే ఇంక పని లేదనేశారట. నన్ను చూసింది. నా చేతిలో కాగితం కూడా చూసింది. దానిలో ఏముందో ఆమెకు తెలియదు, ఇంకో ఫారం అనుకుని ఉంటుంది. కొంగు సర్దుకుని, నా పక్కనుంచి నడిచి వెళ్లిపోయింది. నేను పిలవలేకపోయాను. ఆ వారంలోనే వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు.

నివేదికను తరువాత చాలామంది మెచ్చుకున్నారు. మిల్లుల్లో దుమ్ము పీల్చే యంత్రాలు పెట్టారని కూడా విన్నాను. దాన్ని నేను ఎవరికీ చెప్పుకోలేదు. మీరు అడగొచ్చు, ఇప్పుడైతే ఏం చేస్తావని. ఇప్పుడైతే మొదటి గంటలోనే అబద్ధం రాసిస్తాను. పుస్తకాలు ఒప్పుకోవు. ఒప్పుకోకపోతే పోనివ్వండి.

కంబం

ఎనిమిదేళ్ల తరువాత, అప్పటికి నేను మదురైకి మారాను, రంగమ్మ మదురైకి పడమట ఉన్న కంబంలో ద్రాక్షతోటలో పనిచేస్తోందని ఒకరి ద్వారా తెలిసింది. సెలవు పెట్టి బస్సెక్కాను. పుస్తకం, పెన్ను తీసుకెళ్లలేదు. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకుంటూ పోయాను. 

ఆమె పందిరి కింద బుట్టలో కాయలు సర్దుతోంది. జుట్టు నెరిసింది. ఊపిరి మాత్రం బాగుంది, అది ముందు గమనించాను. భర్త పోయి మూడేళ్లయిందట. ఆడబిడ్డకు పెళ్లయిందట, పిల్లలిద్దరూ పనుల్లో పడ్డారట. ఆమె అన్నీ చెప్పింది, నేను ఒక్కటీ అడగలేదు. చెబుతున్నంతసేపూ చేతులు ఆగలేదు.

నేను జరిగింది మొత్తం చెప్పాను. ఇంటిపేరు చెరపకపోవడం, ఆఫీసరుకు కాఫీ ఇవ్వడం, తల ఊపడం, ప్రొఫెసర్ చెప్పిన దారి, ఆలస్యంగా రాసిన కాగితం. ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను.

రంగమ్మ విన్నది. తరువాత మెల్లగా, "ఆ రెండు దినాలు యాడ ఉంటివి?" అంది.

"గదిలో."

"నీ కూడా ఎవరు ఉండినారు?"

"ఎవరూ లేరు. ఒక్కదాన్నే."

"షిఫ్టు అయినాక నేను వాకిట్లోనే కూచోనుంటిని. నువ్వు వస్తావని. వచ్చి ఏమన్నా చెప్తావని. నా వేలె, నా పని గదా వదినె అది, నన్ను ఒక మాట అడగాలని నీకు తోచలేదా?"

తోచలేదు. రెండు రోజులు నిజాన్నీ, నివేదికనూ, వేలమందినీ, నన్నూ తూకం వేశాను. లైన్ ఇళ్లకు నడిచి వెళ్లి ఆమెనే అడగవచ్చన్నది నాకు ఒక్కసారి కూడా తోచలేదు. ఆ మాటే చెప్పాను.

"అడిగుంటే?" అన్నాను.

"అడిగుంటే అబద్ధం రాసియ్యమని చెప్పుంటా. అదేం పెద్ద యోచన?"

"నా ఉద్యోగం పోయేది వదినె."

రంగమ్మ చేతులు అప్పుడు ఆగాయి. అర్థంకానట్టు నా మొహంలోకి చూసింది.

"పోతే? మా ఇంటికి వచ్చేసుంటావు," అంది.